దవడ ఆపరేషను

మైపాడు ప్రార్థన మందిరంలో హార్మోనియం కిటికీ పక్కన అడ్డంగా ఉంటుంది. దాన్ని వాయించేవాళ్ళు జనంవైపు తిరగరు, గోడవైపూ తిరగరు. జనానికి కనపడేది వాళ్ళ పక్కమొహం ఒక్కటే. దాన్ని అక్కడ పెట్టించిన మిషన్ దొర ఎవరో గానీ, వాయించేవాళ్ళకు కాస్త వెలుతురు రావాలనే అనుకుని ఉంటాడు పాపం. ఆ వెలుతురే ప్రేమలీల ప్రాణానికి వచ్చింది.

ప్రేమలీల ఆ ఊరి మిషన్ స్కూల్లో టీచరు. ఎదురుగా చూస్తే చక్కని మనిషి. పెద్ద కళ్ళు, తీరైన ముక్కు, నవ్వితే బుగ్గన సొట్ట. చిక్కంతా పక్కనుంచి చూస్తేనే. కింది పెదవి దాటాక ముఖం అక్కడితో ఆగిపోయి, నేరుగా గొంతులోకి జారిపోయేది. గడ్డం ఉండవలసిన చోట ఓ చిన్న బుడిపె ఉండేది, అంతే. ఇంతకంటే పెద్ద లోపాలతో పుట్టి హాయిగా తిని తిరిగేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు కదా అని మీరనవచ్చు. అనండి. ప్రతి ఆదివారం ఊరందరికీ పక్కమొహం అప్పగించి కూర్చోవలసింది మీరు కాదు.

నెల్లూరులో సంఘాల మహాసభ జరిగినప్పుడు పాటల బృందానికి ఫోటో తీశారు. ఫోటోలు తీసే మౌలా నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "టీచరమ్మా, మీరు నిండుగా ఇట్టా తిరగండి. పక్కకి తిరిగితే గొంతూ మొగమూ ఒకటైపోతా ఉండాయి" అన్నాడు. అతను పనివాడు, పని కోసం అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో విషమేమీ లేదు. ప్రేమలీల కూడా నవ్వింది. నవ్వి, తిరిగివస్తూ బజారులో రెండో అద్దం కొనుక్కుంది. ఇంట్లో ఒక్క అద్దమే ఉన్నవాళ్ళకు తమ పక్కమొహం ఎలా ఉంటుందో తెలియదు, అందుకే సుఖంగా ఉంటారు. రెండు అద్దాలున్న మనిషికి ఆ సుఖం పోయింది.

ఇదంతా పెళ్ళి కోసమా అంటే అదీ కాదు. పెళ్ళి కోసమైతే లోకం అర్థం చేసుకునేది, నాలుగు మంచిమాటలు కూడా చెప్పేది. ఆమెకు కావలసింది అంతకంటే చిన్నది. పాట నడుస్తున్నంతసేపూ మెడ దగ్గర పైట సర్దుకోకుండా, ఎవరు చూస్తున్నారోనని ఓరకంట గమనించకుండా, హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టి తన పాటకి తాను వాయించుకోవాలి. అంత చిన్న కోరికను పైకి చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గు. చిన్న కోరికలకున్నంత సిగ్గు పెద్ద కోరికలకు ఉండదు.

ఆమె పిన్ని ఎలిశబెతు మద్రాసులో నర్సు. ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఒక డాక్టరు ఉన్నాడు. యుద్ధంలో ముఖాలు చెక్కుకుపోయిన సిపాయిల దగ్గర చెయ్యి తిరిగినవాడు. కాలిన చెంపలు, తెగిన పెదవులు, విరిగిన దవడలు బాగుచెయ్యడం ఆయన పని. వేసవి సెలవుల్లో ఎలిశబెతు ప్రేమలీలను ఆయన ముందు నిలబెట్టింది. "జబ్బేమీ లేదే" అన్నాడాయన విసుగ్గా. అని, ఆమె ముఖాన్ని కిటికీవైపు తిప్పి, నుదుటినుంచి గొంతుదాకా వేలితో గీత గీసినట్టు చూసి మెత్తబడ్డాడు. తుంటి దగ్గర ఎముక చిన్నముక్క తీసి గడ్డం ఎముకకు ముందు అమరిస్తే ముఖానికి తూకం వస్తుందన్నాడు. తూకం అన్న మాట ప్రేమలీలకు ఎంత నచ్చిందో చెప్పలేం. తన ముఖంలో ఏం తక్కువో అన్నాళ్ళూ ఆమెకు పేరు దొరకలేదు.

"ఊళ్ళో ఏం చెప్పేది పిన్నీ?" అని అడిగింది బయటికి వచ్చాక.

"దవడ ఆపరేషనని చెప్పు. అబద్ధమేం కాదుగా. గడ్డం దవడలో లేదా?" అంది ఎలిశబెతు. నర్సులకు ఇలాంటివి బాగా తెలుసు.

స్కూలు బాగోగులు చూసేది కూడా సంఘం పాస్టరు యెహోషువ అయ్యగారే. సెలవు అడగడానికి ప్రేమలీల ఆయన ఇంటికి వెళ్ళి, వసారాలో నిలబడి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది. "దవడ ఆపరేషను చేయించుకోవాలంట అయ్యగారూ. నెలదాకా పట్టుద్దంట." అయ్యగారు తలెత్తి ఏదో అనబోయేలోపు, పక్కనే బియ్యం చెరుగుతున్న ఆయన భార్య రెబెక్కమ్మ చేతిలో చాట కింద పడిపోయింది.

రెబెక్కమ్మ కన్నతల్లి సంగం అనే ఊళ్ళో దవడ పుండుతోనే పోయింది. గంజి కూడా దిగక, చెంపకు చిల్లుపడి, ఆరు నెలలు నరకం చూసి పోయింది. అప్పటినుంచి రెబెక్కమ్మకు దవడ అన్నా ఆపరేషను అన్నా ఒకటే అర్థం. ఆమె పరుగున వచ్చి ప్రేమలీలను కావలించుకుంది. "అయ్యో తల్లీ, నీగ్గూడానా! ఇంత చిన్నవయసులో నీకేం పాపం వచ్చిందే!" అంటూ భోరుమంది.

'అట్టాంటిదేం కాదమ్మా' అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి ప్రేమలీల గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఆ తర్వాత 'మరేంది?' అని అడుగుతారు. అమ్మ దవడ పుండుతో పోయిన మనిషి కౌగిట్లో నిలబడి, 'నా గడ్డం బాగాలేదమ్మా, అందుకని' అని ఎలా చెప్పడం? మింగలేక కక్కలేక నిలబడింది. ఆమె మౌనాన్ని రెబెక్కమ్మ ధైర్యం అనుకుంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. స్త్రీల సమాజం కూడింది. టీచరమ్మ తిరిగివచ్చేదాకా ప్రతి శుక్రవారం పొద్దు గుంకేవరకు ఎవరూ ఎంగిలిపడకూడదని, పగలంతా వంతులవారీగా మందిరంలో మోకరించాలని తీర్మానమయింది. ఆ ఆడవాళ్ళెవరూ కలిగినవాళ్ళు కారు. చేపలు ఎండబెట్టేవాళ్ళు, వలలు అల్లేవాళ్ళు, ఉప్పుకొటార్లలో పనికిపోయేవాళ్ళు. మామూలు రోజుల్లోనే రెండుపూటలా తినే గ్యారంటీ లేనివాళ్ళు పనిగట్టుకుని పస్తులకు దిగారు.

అందరికంటే పెద్ద మొక్కు ఎస్తేరమ్మది. తట్టలో ఎండుచేపలు పెట్టుకుని పై ఊళ్ళకు తిరిగి అమ్ముకునే ముసలామె. భర్త లేడు, పిల్లల్లేరు. పొగాకు కాడ బుగ్గన లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. అలాంటిది ప్రేమలీల బస్సెక్కుతుండగా వచ్చి, నోట్లో ఉన్నది పక్కకు ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఇదిగో, ఇంక ముట్టను. నీ దవడ బాగై నువ్వు వచ్చిందాకా ఇది నా నోట పడితే ఒట్టు" అంది.

ఊరు ఊరంతా బస్సు చుట్టూ చేరి పాట అందుకుంది. ఏడుస్తూ పాడారు. కిటికీలోంచి తల బయటపెట్టిన ప్రేమలీల కూడా ఏడ్చింది. ఆమె దేనికి ఏడ్చిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నేల చీలితే బస్సుతో సహా దూరిపోదామనిపించింది. అయినా బస్సు దిగలేదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి, దిగలేదు.

ఆపరేషను బాగా జరిగింది. దవడకు కట్టు, తుంటికి కట్టు. గొట్టంతో గంజి తాగుతూ, కుంటుతూ పిన్ని ఇంట్లో కొన్నాళ్ళు గడిపింది. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకుంటే ముఖం కింద ముఖానికి ఒక చివర కనిపించింది. వాపు ఇంకా తగ్గలేదు, చర్మం బిగుసుకుని ఉంది, అయినా ఏడుపొచ్చేంత బాగుంది. ఆ క్షణాన తన కోసం పస్తులున్న ఊరు ఆమెకు గుర్తుకు రాలేదు. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు కుంచించుకుపోయేది.

తిరిగివచ్చిన ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. మేలు పొందినవాళ్ళు సంఘంలో లేచి నిలబడి ఆ మేలేమిటో నలుగురికీ చెప్పడం అక్కడి ఆనవాయితీ. ప్రేమలీల లేచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే లేచింది, ఒట్టు. కానీ ఎదురుగా చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ ముఖాలు చూసింది. ఎండకు ఎండి, పస్తులకు వాడి, సంతోషంతో తడిసి ఉన్నాయి. ముందు వరసలో ఎస్తేరమ్మ రెండు చేతులూ పైకెత్తి కూర్చుని ఉంది. "దేవుడు నాకు మేలు చేసినాడు. మీ ప్రార్థనలకు నా వందనాలు" అని చెప్పి కూర్చుంది. మాటకు మాట తీసి చూస్తే అందులో ఒక్క అబద్ధం లేదు. అన్నీ కలిపి చూస్తే అంతా అబద్ధమే.

ఆమె చెప్పకుండా వదిలేసిందంతా ఎస్తేరమ్మ పూర్తిచేసింది. తట్ట నెత్తిన పెట్టుకుని ఏ ఊరు పోతే ఆ ఊళ్ళో చెప్పేది. "కత్తి పెట్టి కోసి చూస్తే లోపల ఏముండాది? ఏమీ లా! పుండంతా ప్రార్థనకే కరిగిపోయింది. డాక్టరు బిత్తరపోయినాడంట. అనవసరంగా కోసినామే అని బాధపడి, ఆ సందులో ఎముక పెట్టి కుట్టేసినాడు. అందుకే మన టీచరమ్మ గడ్డం ముందుకంటే ఎచ్చుగా ఉండాది. దేవుడు చెయ్యేస్తే అట్టుంటాది మరి!" ఊళ్ళవాళ్ళ అనుమానానికి కూడా సమాధానం అందులోనే దొరికింది. టీచరమ్మ అందం పెరగడమెలాగని ఎవరైనా అడిగితే ఎస్తేరమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

ఇక ఆదివారాలు ఎలా గడిచాయో చూడండి. హార్మోనియం దగ్గర ప్రేమలీల పక్కమొహం ఇప్పుడు తూకంగా, తీరుగా ఉంది. జనం కన్నార్పకుండా దానివైపే చూసేవాళ్ళు. చూసేది అందాన్ని కాదు, దేవుడి పనితనాన్ని. జ్వరం తగిలిన బిడ్డల్ని తెచ్చి ఆమె చేత తల నిమిరించుకునేవాళ్ళు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోతే వినయం అనుకునేవాళ్ళు. నెల తిరక్కుండానే పైట మళ్ళీ మెడచుట్టూ చేరింది. దాచుకోవడానికి గడ్డం లేనప్పుడు ఒక్క పక్కనే దాచుకునేది. ఇప్పుడు అన్ని పక్కలా దాచుకోవలసి వచ్చింది. రెండో అద్దాన్ని పెట్టె అడుగున వేసి పైన దుప్పట్లు పెట్టింది.

వానలు వెనకబట్టాక ఒకరోజు ఎస్తేరమ్మ తట్ట ఆమె గుడిసె బయట బోర్లించి కనిపించింది. మర్నాడూ అంతే. బడి వదిలాక ప్రేమలీల లోపలికి వెళ్ళింది. ముసలామె చాప మీద ముడుచుకుని ఉంది. పక్కన ముంతలో సంగటి తాకినట్టే లేదు.

"ఏంది పెద్దమ్మా, తిరగడానికి పోలేదా?"

"పంటినొప్పి లేమ్మా. తగ్గిపోద్ది."

మాట ముద్దగా వస్తోంది. మనిషి సగమయింది. "రా, నెల్లూరు పోదాం. ఆసుపత్రిలో చూపిద్దాం" అంది ప్రేమలీల. ఎస్తేరమ్మ తల అడ్డంగా ఊపింది. ఎంత చెప్పినా అదే ఊపు. పెద్దవాళ్ళను బతిమాలుకునేటప్పుడు మనవాళ్ళందరూ చేసేదే చేసింది ప్రేమలీల. "మా పెద్దమ్మవి కదూ" అంటూ గడ్డం పట్టుకుంది.

ముసలామె కెవ్వుమంది. ప్రేమలీల వేళ్ళకు దవడ కింద రాయిలాంటి గడ్డ తగిలింది. నోరు తెరిపించి చూస్తే బుగ్గ లోపల, ఒకప్పుడు పొగాకు కాడ ఉండే చోట, అంచులు లేచిన పుండు ఉంది.

"ఎప్పటినించి ఇది?" అంది ప్రేమలీల.

"నువ్వు మద్రాసు పోకముందే వచ్చిందిలే, కందిగింజంత. నెల్లూరులో చూపిచ్చుకుందామనే అనుకున్నా. ఇంతలోకే నీకు నయమయ్యె. నీకు కరిగిచ్చినోడు నాకు కరిగిచ్చడా అని ఊరుకున్నా. రోజూ అడగతానే ఉండాను." అని ఎస్తేరమ్మ కాస్త నవ్వబోయింది. "నా ఇస్వాసంలో ఏదో కొదవుండాది. అందుకే ఆలస్యమైతా ఉండాది."

ప్రేమలీలకు తల కొట్టేసినట్టయింది. ముసలామె పక్కన చాప మీద కూర్చుంది. ఈసారి ఊపిరి గొంతులో ఆగలేదు. పుండు లేదని, ఎప్పుడూ లేదని, గడ్డం చిన్నదిగా ఉందని పెద్దది చేయించుకున్నానని, ప్రార్థనకు కరగడానికి అక్కడేమీ లేదని, అన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పేసింది. ఎస్తేరమ్మ విన్నది. విని, "నన్ను ఆసుపత్రికి తోలడానికి ఎన్ని కతలు చెప్తా ఉండావే తల్లీ! బంగారు మనసు నీది" అంది.

నిజం చెప్పుకోవడం ఎంత కష్టమో ప్రేమలీలకు అదివరకే తెలుసు. చెప్పిన నిజాన్ని నమ్మించడం అంతకంటే సిగ్గుమాలిన పనని అప్పుడు తెలిసింది. లేచి గుడిసె తడిక దగ్గరకు వేసింది. చీర కుచ్చిళ్ళు సడలించి, తుంటి మీద మచ్చ చూపించింది. అరచేతి పొడవున, ఇంకా ఎర్రగా, కుట్లు పడ్డ గుర్తులతో ఉంది.

"ఇక్కడ ఎముక తీసి, ఇక్కడ పెట్టినారు పెద్దమ్మా. పనిగట్టుకుని తీయించుకున్నా. సందు పూడ్చడానికి కాదు. అందం కోసం."

ఎస్తేరమ్మ ఆ మచ్చకేసి చాలాసేపు చూసింది. చివరకు చెయ్యి చాచి దాన్ని తడిమింది. అప్పుడు నమ్మింది. నమ్మాక ముఖంలో రంగు మారింది.

"పొగాకు మాన్పిచ్చినావే నా చేత!" అంది. "తలకాయ పగిలిపోయేదే ఆ నెలంతా. చేతులు వణికి తట్ట దించుకోలేక పొయ్యేదాన్ని. ఊరూరా చెప్పినానే నీ గడ్డం సంగతి! నన్ను చూసి నవ్వుకున్నావా?"

"లేదు పెద్దమ్మా..."

"పో. లెయ్. కట్టుకుని పో ఆవలకి."

తెల్లవారి ప్రేమలీల బస్సు ఆగే చోటికి ఊరికే వెళ్ళింది, ఆశ ఏమీ లేకుండానే. ఎస్తేరమ్మ మూట చంకన పెట్టుకుని నిలబడి ఉంది. "నాకు చావాలని లేదు" అంది ముఖం చూడకుండా. "దోవ తెలిసింది నీకేగా. పద."

అంతటితో ప్రేమలీలకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. కాలువ నీళ్ళకు వచ్చిన రెబెక్కమ్మ వాళ్ళను చూసి, "ఇద్దరూ యాడికమ్మా ఇంత పొద్దునే?" అని పలకరించింది. ఎస్తేరమ్మ నోరు తెరవబోయింది. ప్రేమలీల ముందే అందుకుని, "మద్రాసుకు అమ్మగారూ. మా పిన్ని పెద్దమ్మను చూడాలంది" అనేసింది. పుండని చెబితే ఊరంతా మళ్ళీ చేరుతుంది. నీకు కరిగినట్టే ఈమెకూ కరుగుతుందిలే అంటుంది. అప్పుడు అందరి ముందూ చీర సడలించవలసి వస్తుంది. ఒక మనిషి ముందు సిగ్గు విడిచినంత తేలిక కాదు ఊరిముందు విడవడం. ఎస్తేరమ్మ ఆమెకేసి ఒకసారి చూసి బస్సెక్కింది.

మద్రాసులో డాక్టరు చూశాడు. ప్రేమలీల గడ్డం చేసినాయనే. "ఆరునెలల ముందు తెచ్చుంటే బుగ్గలో చిన్న గాటుతో పోయేది" అన్నాడు. "ఇప్పుడు కింది దవడ ఆ పక్క సగం తీసెయ్యాలి. గడ్డం కూడా పోతుంది. శనివారం చేస్తాను." చెబుతూ చెబుతూ, అలవాటు కొద్దీ, ప్రేమలీల గడ్డాన్ని తన పని ఎలా కుదురుకుందోనన్నట్టు పరీక్షగా చూశాడు. ఆమె తల వంచుకుంది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురువారం పొద్దున ఎస్తేరమ్మ మంచం మీద లేచి కూర్చుంది. అన్ని రోజుల్లో మొదటిసారి తనంతట తాను పలకరించింది.

"రేపు శుక్రారం గదా."

"అవును పెద్దమ్మా."

"మనోళ్ళు పస్తుంటారా నాకోసం?"

ప్రేమలీల దుప్పటి అంచు సర్దింది.

"తెలీదా వాళ్ళకి?"

"తెలీదు. నేను చెప్పలా."

"నీకేమీ లేనిదానికి ఊరంతా కడుపులు మాడ్చుకున్నామే. నాకు నిజంగా వచ్చుండాదే. నాకోసం ఒక్కపూటయినా ఉండేవాళ్ళు లేకుండా చేసినావా?" అంది ఎస్తేరమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. అని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఎస్తేరమ్మ బతికింది, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, మీరు దాని కోసం బెంగపడనక్కర్లేదు. సగం దవడతో, వంకరపోయిన మూతితో, ఆ తర్వాత చాలా ఏళ్ళు అవే ఊళ్ళలో ఎండుచేపలు అమ్మింది. కానీ ఆ గురువారం ఆ సంగతి ఎవరికీ తెలియదు. డాక్టరు కూడా మాట ఇవ్వలేదు. ప్రేమలీల పిన్నిని మంచం దగ్గర కూర్చోబెట్టి, దొరికిన బండెక్కి నెల్లూరు చేరింది. మర్నాడు మొదటి బస్సుకు మైపాడులో దిగి, ఇంటికి పోకుండా నేరుగా మందిరానికి నడిచింది.

శుక్రవారం ప్రార్థనకు స్త్రీల సమాజం అప్పుడే కూడుతోంది. ఆమెను చూసి అందరి ముఖాలూ విప్పారాయి. "హార్మోనియం లేక పాట చప్పగా ఉండాదమ్మా, రా రా" అంది రెబెక్కమ్మ. ప్రేమలీల హార్మోనియం దగ్గరకు పోలేదు. ఆడవాళ్ళకెదురుగా, చాప అంచున నిలబడింది. మెడచుట్టూ ఉన్న పైట తీసి భుజాన వేసుకుంది. చెప్పింది. ఏడ్చి సానుభూతి దండుకుంటుందేమోనని తనమీద తనకే అనుమానమొచ్చి, ఏడవకుండా చెప్పింది. రెండు అద్దాల సంగతి చెప్పింది. వసారాలో ఎందుకు నోరు మెదపలేదో చెప్పింది. ఎస్తేరమ్మ బుగ్గలో ఏముందో, తన వల్ల ఎన్ని నెలలు ఆలస్యమైందో, శనివారం ఏం కోస్తారో చెప్పింది. "నాకోసం ఉన్నట్టు ఆమె కోసం ఉండండి. అది అడగడానికే వచ్చినా" అని ఆపింది.

"అయితే పుండు లేదా?" అంది రెబెక్కమ్మ. ఆమెకు ఇంకా దారి దొరకలేదు.

"లేదమ్మగారూ."

"మా అమ్మకొచ్చినట్టాంటిది ఏదీ లేదా?"

"ఏదీ లేదు."

రెబెక్కమ్మ మెల్లగా కూర్చుంది. ఊరికి ఆ వార్త మోసింది తానే. చనిపోయిన తల్లి పేరు చెప్పి చెప్పి అందరిచేత మోకరింపజేసింది తానే. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తూ ఉండిపోయింది. ఆమె తిట్టి ఉంటే ప్రేమలీల పడేది. ఆమె సిగ్గుపడుతోంది. తన సిగ్గు ఇంకొకరు పడుతుంటే చూడవలసి రావడం ప్రేమలీలకు అదే మొదలు.

వెనక గోడ దగ్గర, పడవలు బాగుచేసే ఓబయ్య భార్య చెంచులక్ష్మి కూర్చుని ఉంది. చిన్నపిల్ల, బక్కపలచటి మనిషి. ఒళ్ళో ఏడాది దాటినా నిలబడలేని ఆడబిడ్డ నిద్రపోతోంది. "ఆ నెల నాకు పాలెండిపొయ్యినాయి టీచరమ్మా" అంది మెల్లగా. ఫిర్యాదులాగా కాదు, ఇప్పుడే ఏదో లెక్క తేలినట్టు అంది. "వద్దన్నా వినలా నేను. పాలిచ్చే తల్లివి, నీకు పట్టింపు లేదులే అని అమ్మగారు గూడా చెప్పింది. టీచరమ్మ పానం గదా అని ఉన్నా. మళ్ళీ పడలా పాలు. మేకపాలల్లో నీళ్ళు కలిపి పోసినా దీనికి."

ప్రేమలీల ఆ బిడ్డ కాళ్ళకేసి చూసింది. సన్నగా, చీపురు పుల్లల్లా ఉన్నాయి. అన్ని రోజులూ ఆ బిడ్డను చూస్తూనే ఉంది. జ్వరం వచ్చిందని తెస్తే ఒకసారి తల కూడా నిమిరింది.

రెబెక్కమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. ప్రేమలీల వైపు చూడలేదు. "ఎస్తేరమ్మకు రేపు కోస్తారంట" అంది మిగతావాళ్ళతో. "ఈపొద్దు, రేపు ఎవురూ ఎంగిలిపడొద్దు. ఉండగలిగినోళ్ళు ఉండండి. ఇంటికి పోయి పొయ్యిలార్పి రండి." ఒక్కొక్కరే లేచి వెళ్ళారు, ఒక్కొక్కరే తిరిగివచ్చి మోకరించారు. మానుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ప్రేమలీల పక్కనుంచే నడిచారు గానీ ఎవరి కొంగూ ఆమెకు తగలలేదు.

చెంచులక్ష్మి కూడా బిడ్డను చాప మీద పడుకోబెట్టి, మోకాళ్ళ మీదికి వస్తోంది. ప్రేమలీల ఉండబట్టలేకపోయింది. దగ్గరకు వెళ్ళి కూలబడి, "నువ్వొద్దు చెంచులక్ష్మీ. నీ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు మాత్రం అన్నం తిను" అంది.

చెంచులక్ష్మి కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఆ గడ్డానికేసి, దాని కొత్త నునుపుకేసి, ఒక్క క్షణం నిదానంగా చూసింది.

"నువ్వు చెప్పబాక టీచరమ్మా" అంది. "ఇది నీకోసం కాదులే."

అని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.